తొమ్మిదో నెలలో అరిసెలు

పోయిన కార్తీకంలో విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా పక్క ఫ్లాటువాళ్ళు అరిసెలు పంచారు. పాపకి తొమ్మిదిన్నర నెలలు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాలుగు తప్పటడుగులు వేసేసింది. హాల్లో ఉతికిన పంచె పరిచి, అరిసెలు వరసగా పేర్చి, మామ్మగారు పాప చంకల కింద చేతులుపెట్టి నడిపించారు. మూడో అరిసె అరికాలికి అంటుకుని పాదంతోపాటే లేచింది. అందరూ నవ్వుతుంటే తండ్రి ఫోన్లోంచి తలెత్తి, "యాప్‌లో పన్నెండు నెలలని ఉందండి. గిఫ్టెడ్ అంటారా?" అన్నాడు. నోట్లో అరిసె ఉంది కాబట్టి బతికిపోయాను.

ముందే నడిస్తే పుట్టు తెలివైనదా (గిఫ్టెడ్) అన్న ఆ ప్రశ్న వయసు వందేళ్ళు. అంతకు ముందు మన ఇళ్ళలో లెక్క వేరు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. వరస ఉంది, ప్రాస ఉంది, నెలలు మాత్రం లేవు. ఎనిమిదో నెలలో నడిచినా పదిహేనో నెలలో నడిచినా అవే అరిసెలు. జాతకం తేల్చే పని అన్నప్రాసనకి వదిలేశారు. పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందుపెట్టి పిల్లాడు దేన్ని పట్టుకుంటాడా అని చూడటం. అక్కడ కూడా ఎంత తొందరగా పాకాడని ఎవరూ గడియారం చూడరు.

నెలలు చేర్చినవాడు మనస్తత్వవేత్త ఆర్నాల్డ్ గెసెల్. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో 1911లో పిల్లల క్లినిక్ తెరిచాడు. అద్దం గుమ్మటంలాంటి గదిలో పిల్లల్ని పడుకోబెట్టి సినిమా కెమెరాతో తీసి, ఏ వారానికి ఏ పని చేస్తారో పట్టికలు కట్టాడు. ఆయన ఉద్దేశం ఎదుగుదల ఎలా సాగుతుందో, ఎవరు వెనకబడుతున్నారో తెలుసుకోవడం. దాదాపు అదే కాలంలో, 1921లో, కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వవేత్త పదిహేను వందలమందికి పైగా తెలివైన పిల్లల్ని ఏరి అధ్యయనం మొదలుపెట్టాడు. వీళ్ళు మిగతావాళ్ళకంటే నెల ముందే నడిచారని, మాటలు ఇంకాస్త ముందే వచ్చాయని రాశాడు. ఈ గొడవంతటికీ మూలం నా దృష్టిలో ఆ వాక్యమే. అందులో చిక్కేమిటంటే, ఆ నెలలు చెప్పింది తల్లిదండ్రులు, అదీ ఏళ్ళ తర్వాత గుర్తు తెచ్చుకుని. క్లాసు ఫస్టు వచ్చే పిల్లాడి తల్లిని ఎప్పుడు నడిచాడమ్మా అని అడిగితే ఏం చెబుతుంది? పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత ఆ దేశంలో లేకపోవచ్చు, ఆ నమ్మకం మాత్రం ఉంది.

ఆ నమ్మకాన్ని కుదిపింది మనస్తత్వవేత్త నాన్సీ బేలీ. 1928లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అరవైకి పైగా పసిపిల్లల్ని తీసుకుని, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా వదలకుండా పరీక్షిస్తూ పోయింది. మొదటి ఏడాది మార్కులకీ, పెద్దయ్యాక తెలివికీ పొంతనే కుదరలేదు. పసిపిల్లల పరీక్షకి పేరైపోయిన మనిషే ఆ మాట చెప్పింది. ఎదుగుదల కొలవడానికి ఆమె కట్టిన స్కేలుని బరోడాలో ప్రమీలా ఫాటక్ మన పిల్లలకి తగ్గట్టు మలిచారు. ఎదుగుదల మందగించిందేమోనని అనుమానం వచ్చినప్పుడు ఇవాళ మన దగ్గర వాడే డి.ఎ.ఎస్.ఐ.ఐ. అన్న పరీక్ష అలా వచ్చిందే.

ముందే నేర్పితే? అదీ గెసెలే చూశాడు. 1929 నాటి ప్రయోగంలో కవల పిల్లల్లో ఒకరికి 46వ వారం నుంచి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పించాడు. రెండో బిడ్డకి 53వ వారంలో మొదలుపెడితే రెండు వారాల్లోనే దాదాపు అందుకుంది. కెన్యాలో తల్లులు పనిగట్టుకుని కూర్చోవడం, నడవడం నేర్పే పల్లెల్లో పిల్లలు ఆ రెండూ ముందే చేసేవారు. ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం ఆ తొందర కనబడలేదు. అంటే ముందు నడవడం వెనక ఒక్కోసారి తల్లి ఓపికా, ఇంట్లో నేలా కూడా ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ఇంకా ఊరట. మన దేశంతో సహా అయిదు దేశాల్లో 816 మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని చూశారు. సాయం లేకుండా నడక 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు అసలు దోగాడకుండానే నడిచేశారు. పొట్టమీద ఈదుతూ పోయి లేచి నిలబడే ఘనులు ప్రతి వీధిలోనూ ఉంటారు.

అలాగని సంబంధం బొత్తిగా లేదనడం అబద్ధం. 1946లో బ్రిటన్‌లో పుట్టిన అయిదువేలమందికి పైగా పిల్లల లెక్కల్లో, ఒక నెల ముందు నిలబడితే ఎనిమిదేళ్ళప్పుడు సగటున అర ఐక్యూ పాయింటు ఎక్కువ కనబడింది. రెండు నెలలు ముందున్నా ఒక్క పాయింటు! పిల్లాడు నిద్ర చాలక పరీక్షకి కూర్చుంటే పోయేది అంతకంటే ఎక్కువే కావచ్చు. మాటల సంగతి కొంచెం వేరు. అర్థం చేసుకోవడం, పదాలు కలపడం తెలివికి నడకకన్నా దగ్గరివి. అయినా రామానుజన్‌కి మూడేళ్ళదాకా మాటలు సరిగా రాలేదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి.

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఉన్న బొమ్మలూ ఎవరు వెనకబడుతున్నారో కనిపెట్టడానికే, ఎవరు ముందున్నారో చూడటానికి కాదు. 2013లో మొదలైన ఆర్.బి.ఎస్.కె. (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద డాక్టర్ల బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లల్ని చూడాలి. వాళ్ళు వెతికే వాటిలో ఎదుగుదలలో ఆలస్యం ఒకటి. అవసరమైతే ఇలాంటి పిల్లల కోసం జిల్లా స్థాయిలో ఉన్న డి.ఇ.ఐ.సి. అనే కేంద్రానికి పంపుతారు. వాళ్ళ కాగితాల్లో 'గిఫ్టెడ్' అన్న గడి లేదు. ఆ గడి ఫ్లాష్ కార్డులు అమ్మేవాళ్ళు కలిపింది.

పాప తండ్రికి ఇదంతా చెప్పలేదు, "బాగా నడుస్తోందండి" అని ఊరుకున్నాను. అరిసె కవరు పట్టుకుని చెప్పులేసుకుంటున్న రెండో అంతస్తు ఆవిడ మాత్రం ఆగింది. "మావాడికి పంతొమ్మిదో నెలండి. పట్టుకునే నిలబడతాడు. కంగారు పడకు, వాళ్ళ నాన్నా అంతేనంటారు మా అత్తయ్యగారు." 17.6 అన్న అంకె ఆవిడకి చెప్పి, పిల్లల డాక్టరుకి ఈ వారంలోనే చూపించమన్నాను. కార్డు కూడా తీసుకెళ్ళమన్నాను. ఎక్కడ పెట్టిందో గుర్తులేదంది.