చావు మరచిన తెల్లకణాలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

జ్వరం వచ్చినప్పుడు, క్రిమిని ఎదుర్కోవడానికి లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు వేగంగా పెరుగుతాయని మీరు చదివే ఉంటారు. జ్వరం తగ్గాక ఆ పెరిగిన కణాలన్నీ ఏమవుతాయి? వాటిలో అధికభాగం, ఏ దెబ్బా తగలకుండానే, తమలో ముందే ఉన్న ఏర్పాటు ప్రకారం కుంచించుకుని, ముక్కలై, ఇతర కణాలకు ఆహారమైపోతాయి. కొద్ది కణాలు మాత్రం ఆ క్రిమిని గుర్తుంచుకుని మిగులుతాయి. కణాలు ఇలా చనిపోయే తీరుకు 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టారు.

ఈ చావును అడ్డుకునే జన్యువు ఒకటి ఉందని 1988లో చూపినవాడు ఒక పీహెచ్‌డీ విద్యార్థి. మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ వైద్య పరిశోధన సంస్థలో సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్‌ల దగ్గర పనిచేస్తున్న డేవిడ్ వాక్స్. ఈ లింఫోసైట్లకే వచ్చే ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్‌లో 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయనీ, ఆ అతుకు దగ్గర బీసీఎల్-2 అనే జన్యువు ఉంటుందనీ అప్పటికే తెలుసు. తెలియనిదల్లా ఆ జన్యువు చేసే పని. క్యాన్సర్ జన్యువులంటే కణాలను విభజనకు తరిమేవనే అభిప్రాయం బలంగా ఉన్న కాలమది కనుక, ఇదీ అలాంటిదేనని ఎవరైనా అనుకుంటారు.

ఇంటర్‌ల్యూకిన్-3 అనే ప్రొటీను అందితేనే బతికే రక్తకణాలను తీసుకుని, వాటిలోకి వైరస్ సాయంతో బీసీఎల్-2ను చేర్చి, తర్వాత ఆ ప్రొటీనును తీసివేశారు. మామూలు కణాలు చనిపోయాయి. బీసీఎల్-2 ఉన్నవి చనిపోలేదు, అలాగని పెరగనూ లేదు. విభజన చెందకుండా ఊరికే బతికి ఉన్నాయి. సంఖ్య పెరగలేదు కదా అని ఆ ఫలితాన్ని పక్కన పెట్టి ఉంటే ఎంత పెద్ద విషయం చేజారేదో ఆలోచించండి. చెరువులోకి వచ్చే నీరు పెరగకపోయినా, తూము మూసుకుపోతే కట్ట మీదికి నీరెక్కుతుంది. చావవలసిన కణం చావకపోవడం కూడా క్యాన్సర్‌కు దారి తీయగలదని ఆ ప్రయోగం సూచించింది. విభజనను ఉసిగొల్పే మిక్ జన్యువు కూడా తోడైన ఎలుక కణాల్లో కొన్ని నిజంగానే కంతులను పుట్టించగలిగాయి.

అదే సంస్థ భాగస్వామ్యంతో బీసీఎల్-2 ప్రొటీనును అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మందు తయారై, ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2016లో అమెరికాలో అనుమతి పొందింది. అది కణాన్ని విషంతో చంపదు, ఆగిపోయిన చావును తిరిగి సాగనిస్తుంది. ఆ పని ఎంత వేగంగా జరుగుతుందంటే, ఒక్కసారిగా చచ్చిన కణాల్లోని పదార్థాలు రక్తంలో చేరి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఆ జబ్బులో వైద్యులు రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ అయిదో వారానికి 400 మిల్లీగ్రాములకు చేరుస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య