కండరం వింటేనే ఇన్సులిన్ మాట

కంటి శుక్లాల ఆపరేషన్ తర్వాత మా అమ్మను మేము రెండు వారాలకు పైగా మంచం దిగనివ్వలేదు. డాక్టరు చెప్పింది బరువులు ఎత్తవద్దనీ, ముందుకు వంగవద్దనీ మాత్రమే. మేము మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందించాం. ఆ తర్వాత ఒకరోజు ఆమె పూజగదిలో పీట మీద నుంచి లేవడం చూశాను. ఒక చెయ్యి గోడకు, మరొక చెయ్యి మోకాలికి ఆనించి, సగం లేచి, ఒక క్షణం ఆగి, అప్పుడు నిలబడింది. అంతకుముందు ఆమెకు గోడ అవసరం ఉండేది కాదు. కాళ్ళలో సత్తువ తగ్గిన సంగతి ఇలా కంటికి కనిపించింది. దానితోపాటు రక్తంలో వచ్చే మార్పు మాత్రం కనిపించదు.

ఆ మార్పు ఎంతటిదో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం చెబుతుంది. డెబ్భై రెండేళ్ళ ప్రాయంలో ఉన్న పదిమంది ఆరోగ్యవంతులను రెండు వారాలపాటు నడక తగ్గించమన్నారు. వారు మంచాన పడలేదు. రోజుకు వేసే అడుగులు మాత్రం సుమారు 1,400కు తగ్గాయి. అంతమాత్రానికే కాళ్ళలోని కండ దాదాపు 4 శాతం తగ్గింది, రక్తంలోని షుగర్‌ను అదుపుచేసే ఇన్సులిన్ హార్మోనుకు శరీరం స్పందించే శక్తి 43 శాతం పడిపోయింది. పదిమందితో చేసిన ప్రయోగం కాబట్టి ఆ అంకెలను అందరికీ అలాగే వర్తింపజేయలేం. అయినా కండ కరిగినంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా హార్మోను ప్రభావం తగ్గడం నన్ను నిలిపి ఆలోచింపజేసింది.

దీనికి కారణం కండరమే. ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలో నుంచి తొలగే గ్లూకోజులో అత్యధిక భాగం కండరాలకే చేరుతుంది. కండరకణం లోపల గ్లూట్-4 అనే ప్రోటీన్లు చిన్న సంచుల్లో నిలువ ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి కణాన్ని తాకినప్పుడు అవి పైపొరకు చేరి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. వయసు పెరిగి, కండ తగ్గి, కండరాల్లోనూ కాలేయంలోనూ కొవ్వు చేరేకొద్దీ ఆ సంకేతం మందగిస్తుంది. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి పని జరిపిస్తుంది. అందువల్ల పరగడుపు షుగర్ పరీక్షలో అంకె ఏళ్ళ తరబడి మామూలుగానే ఉండవచ్చు. దాన్ని అలా నిలిపి ఉంచడానికి క్లోమం పడుతున్న శ్రమ ఆ కాగితం మీద కనిపించదు.

నడక ఇక్కడ చేసే మేలు చాలామంది అనుకునేదానికంటే సూటిగా ఉంటుంది. కండరం సంకోచించినప్పుడు, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూట్-4 పైపొరకు చేరుతుంది. ఇన్సులిన్ మాట సరిగా వినని కండరంలో కూడా ఈ రెండో దారి చాలావరకు పనిచేస్తుంది. నడక ఆపిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు ఆ కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది కనుక తక్కువ ఇన్సులిన్‌తోనే పని జరుగుతుంది. ఆ తర్వాత ఆ మేలు తగ్గిపోతుంది. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని మధుమేహులకు చెప్పడం అందుకే. ఆదివారం ఒక్కరోజు పది కిలోమీటర్లు నడిచి మిగతా వారమంతా కూర్చునేవారు ఈ సంగతి గమనించాలి.

సన్నగా ఉన్నాం కదా అన్న ధీమా మనవారికి పనికిరాదు. పుణెకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోను 2004లో ప్రచురించారు. ఇద్దరికీ ఎత్తుకు తగిన బరువును చెప్పే బీఎంఐ 22.3, శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

కొవ్వు కణాలు విడుదలచేసే హార్మోన్ల సంగతి ఇంత సూటిగా లేదు. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ కొవ్వుతోపాటు పెరిగి, కొవ్వు కరిగితే తగ్గుతుంది. ఇన్సులిన్‌కు తోడ్పడే అడిపోనెక్టిన్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని మధ్యవయసువారి విషయంలో అనుకోవచ్చు గాని, బాగా వృద్ధులైనవారిలో అది ఎక్కువగా ఉండడం బలహీనతకూ గుర్తు కావచ్చు. అందుకే ఒక్కొక్క హార్మోను అంకె పట్టుకొని ఆందోళన పడడం కంటే కాళ్ళ బలాన్ని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

అమెరికాలో 3,234 మందితో జరిపి 2002లో ప్రచురించిన మధుమేహ నివారణ అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామంతోపాటు ఆహారాన్ని సరిదిద్దుకొని బరువు తగ్గినవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. అరవై దాటినవారిలో ఆ తగ్గుదల 71 శాతం. ఇందులో వ్యాయామం వాటా ఎంతో విడదీసి చెప్పలేం గాని, వయసు మీరాక ఫలితం ఉండదన్న మాట మాత్రం నిలవదు.

ఎప్పుడు నడవాలన్నదీ ముఖ్యమే. అరవై దాటినవారితో జరిపి 2013లో ప్రచురించిన మరొక చిన్న అధ్యయనంలో, ఒకేసారి 45 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పావుగంట నడవడమే రాత్రి భోజనానంతర షుగర్‌ను బాగా తగ్గించింది. రాత్రి అన్నం తిని వెంటనే టీవీ ముందు కూర్చునే మన ఇళ్ళలో ఆ పావుగంటకు ఎంతో విలువ ఉంది. అయితే ఇన్సులిన్ ఇంజెక్షన్లు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి నడకలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది కనుక డాక్టరును అడిగి మొదలుపెట్టాలి, జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి.

ఇప్పుడు అమ్మ రాత్రి భోజనమయ్యాక వరండాలో నడుస్తోంది. ఉదయం, సాయంత్రం కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటోంది. పూజగదిలో పీట మీద నుంచి లేచేటప్పుడు మాత్రం చెయ్యి ఇంకా గోడ వైపు వెళుతోంది.