తిరస్కరణ వేరు, డేటా వడపోత వేరు

ఆన్‌లైన్ సర్వేలకు క్రౌడ్ వర్కర్లను (ఇంటర్నెట్‌లో చిన్న చిన్న పనులు డబ్బుకు చేసేవారిని) తీసుకునే పరిశోధక విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: “అటెన్షన్ చెక్‌లో (శ్రద్ధగా చదువుతున్నారో లేదో చూసే ప్రశ్నలో) తప్పిన వారందరి పనినీ రిజెక్ట్ చేయవచ్చా?” అలా చేస్తేనే డేటా నాణ్యంగా ఉంటుందన్న నమ్మకమే ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ.

వాస్తవమేమిటంటే, ఒకరి జవాబులను విశ్లేషణ నుంచి తొలగించడమూ వారికి ప్రతిఫలం నిరాకరించడమూ రెండు వేర్వేరు నిర్ణయాలు. మొదటిదానికి ముందుగానే రాసిపెట్టుకున్న నియమం చాలు. రెండోది మనిషి జీవనోపాధికి సంబంధించినది. ఇలాంటి పనులు దొరికే వెబ్‌సైట్ అమెజాన్ మెకానికల్ టర్క్‌లో రిజెక్టయిన పనికి పైసా రాకపోగా వర్కర్ అప్రూవల్ రేటు (ఆమోదం పొందిన పనుల శాతం) కూడా పడిపోతుంది. 95 శాతం కన్నా తక్కువ ఉన్నవారిని చాలామంది రిక్వెస్టర్లు (పని ఇచ్చేవారు) తీసుకోరు కాబట్టి, కొత్తగా చేరి 100 పనులు చేసిన వారికి ఆరు తిరస్కరణలు వస్తే చాలు, అలాంటి రిక్వెస్టర్లు ఇచ్చే పనులన్నీ చేజారిపోతాయి.

ఒకసారి మా సర్వేలో “ఈ ప్రశ్నకు జవాబివ్వకుండా వదిలేయండి” అని చెక్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అదే ప్రశ్నను తప్పనిసరి చేశాం. శ్రద్ధగా చదివినవారు కూడా ఏదో ఒకటి నొక్కక తప్పలేదు, మేము వారిని రిజెక్ట్ చేశాం. నాలుగో వారంలో ఒక మహిళ, తాను ఎక్కడ పొరపాటు చేశానో చెప్పమని మాత్రమే అడుగుతూ సందేశం పంపారు. పొరపాటు పూర్తిగా మాది. తిరస్కరణను 30 రోజుల్లోపు వెనక్కి తీసుకునే వీలుంది గనుక సరిదిద్దగలిగాం. ఇంకొక వారం ఆలస్యమై ఉంటే ఆమె రేటును మళ్లీ నిలబెట్టే దారే ఉండేది కాదు.

“వాళ్లు కాలక్షేపానికి చేస్తారు, ఎంతిచ్చినా చాలు” అన్న మాట ఇక ఆపాలి. 2018లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం మెకానికల్ టర్క్‌లో మధ్యస్థ సంపాదన గంటకు సుమారు 2 డాలర్లు. అప్పుడు అమెరికా ఫెడరల్ కనీస వేతనం 7.25. అదే ఏడాది వేసవిలో “అంతా బాట్లే” (జవాబులిస్తున్నవి మనుషులు కాదు, ప్రోగ్రాములే) అన్న పుకారు కూడా పాకింది. పరిశీలించిన వారికి ఎక్కువగా దొరికింది సర్వర్ల ద్వారా తామున్న చోటును దాచుకున్న మనుషులే. ప్రతి వర్కర్‌కూ ఉండే గుర్తింపు సంకేతం, అంటే వర్కర్ ఐడీ, అజ్ఞాతమన్నదీ నిజం కాదు, దాన్ని బట్టి కొందరి అమెజాన్ ప్రొఫైళ్లు బయటపడతాయని 2013లోనే తేలింది. డేటా పంచుకునే ముందు ఆ ఐడీలను తీసేయండి.

గ్రాంటు డబ్బు వృథా అవుతుందేమోనన్న మీ భయం నాకు అర్థమవుతుంది. అందుకే సర్వే తెరిచే ముందు పది మందితో పైలట్ (ముందస్తు పరీక్ష) నడిపి, చెక్‌లు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, వాళ్లకు నిజంగా పట్టిన సమయాన్ని బట్టి ప్రతిఫలం లెక్కగట్టండి.