రోబ్లీ గీసిన బొమ్మలు, రోబ్లీ కొన్న తలలు

మ్యూజియంలలోని మానవ అవశేషాలను తిరిగి ఇచ్చేయాలన్న గొడవ రేగినప్పుడల్లా ఒక పాత ఫొటో బయటికొస్తుంది. 1895 ప్రాంతంలో తీసింది. బ్రిటిష్ సైన్యంలో మేజర్ జనరల్‌గా రిటైరైన హొరేషియో గోర్డన్ రోబ్లీ కూర్చుని ఉంటాడు. వెనక గోడ నిండా న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల తలలు, ముఖాల మీద పచ్చబొట్లతో సహా. అక్కడ మావోరీలతో బ్రిటిష్ వాళ్లు చేసిన న్యూజిలాండ్ యుద్ధాల మీద మనకు మిగిలిన మంచి నీటిరంగు చిత్రాల్లో కొన్ని గీసింది ఈయనే.

ఆ యుద్ధాలు ఎందుకు జరిగాయన్నది తెలిసిన కథే: భూమి కోసం. 1864 ఏప్రిల్ 29న టౌరంగా దగ్గర గేట్ పా కోటలో మావోరీ నాయకుడు రావిరి పుహిరాకే వెంట ఉన్నది దాదాపు 230 మంది. ఎదురుగా 1,700 మంది బ్రిటిష్ సైనికులు, ఫిరంగులు. అయినా ఆ రోజు ఓడింది బ్రిటిష్ వాళ్లే. 68వ డర్హమ్ దళంలో ఆఫీసరుగా ఉన్న రోబ్లీ, ఫిరంగులకు కూలిన ఆ కోటను మర్నాడే గీశాడు. జూన్ 21న టె రాంగాలో, కందకాలు తవ్వడం పూర్తికాకముందే సైన్యం మీదపడింది. పుహిరాకేతో పాటు 100 మందికి పైగా మావోరీలు చనిపోయారు. తర్వాత భూములూ పోయాయి. రోబ్లీ మాత్రం అక్కడి మనుషుల ముఖాలు, పచ్చబొట్టులోని ఒక్కో గీతతో సహా, ఓపిగ్గా గీస్తూ పోయాడు. హరేటె మౌఆవో అనే మావోరీ మహిళ ద్వారా ఆయనకు ఒక కొడుకు కూడా ఉన్నాడు.

తలలు ఆయన యుద్ధభూమి నుంచి తెచ్చుకున్నవని చాలామంది అనుకుంటారు. కాదు, తర్వాతెప్పుడో ఇంగ్లండ్‌లో కొన్నవి. అంతమాత్రాన మచ్చ పోదు. మావోరీలకు తల పవిత్రం. అయినవాళ్ల తలలను గౌరవంతో దాచుకునే ఆచారం వాళ్లది. యూరోపియన్లు తలకు బదులు తుపాకీ ఇవ్వడం మొదలుపెట్టాక, బందీలకు పచ్చబొట్లు పొడిచి చంపి అమ్మే స్థితి వచ్చింది. 1831లో ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలస న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ డార్లింగ్ ఆ వ్యాపారాన్ని నిషేధించాడు. రోబ్లీ గోడ మీదికి చేరినవి ఇలాంటి వ్యాపారంలో చేతులు మారిన తలలే.

అసలు మలుపు 1908. తన దగ్గరున్న తలలను 1,000 పౌండ్లకు తీసుకోమని రోబ్లీ న్యూజిలాండ్ ప్రభుత్వాన్ని అడిగాడు. వద్దన్నారు. ఐదు తన దగ్గర ఉంచుకుని, 30 తలలను 1,250 పౌండ్లకు న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి అమ్మేశాడు. ఆయన్ని సమర్థించేవాళ్లు ఇక్కడే పట్టుకుంటారు: ముందు ఆ తలల సొంత దేశానికే ఇవ్వజూపాడు కదా అని. నిజమే, కానీ ధర చెప్పి. పైగా బేరం ఒక జనరల్‌కూ ఒక ప్రభుత్వానికీ మధ్య జరిగింది. ఆ తలలు ఎవరి పూర్వీకులవో ఆ తెగలకు అందులో చోటే లేదు. ఇప్పటి వాదనలన్నీ ఆ లోటు చుట్టూనే తిరుగుతున్నాయి.

న్యూయార్క్ తలలు 2014లో ఇంటికి చేరాయి. వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియం వాటిని ప్రదర్శనకు పెట్టదు. ప్రత్యేకించిన పవిత్ర స్థలంలో ఉంచుతుంది. రోబ్లీ బొమ్మలు మాత్రం అదే మ్యూజియం సేకరణలో ఉన్నాయి, వాటిని చూడటానికి అభ్యంతరం లేదు. మరోపక్క బ్రిటిష్ మ్యూజియం 2008లో ఎముకల భాగాలు తిరిగిచ్చింది గానీ ఏడు తలలను ఇవ్వలేదు. మానవ చరిత్రకు ఆధారాలుగా వాటి విలువను ట్రస్టీలు కారణంగా చూపారు. పచ్చబొట్ల తీరు తెలుసుకోవాలంటే రోబ్లీ బొమ్మలున్నాయిగా అన్న ప్రశ్నకు ఆ కారణంలో జవాబు దొరకదు.