రెండు దీపాల పేచీ: 1963లో తేలినా గైడ్లకు ఎక్కని సంగతి

‘రెండు స్వతంత్ర కాంతి జనకాలతో స్థిర వ్యతికరణం రాదు’ అన్న బిట్‌కు ఒప్పు పెట్టాలా, తప్పు పెట్టాలా? (జనకం అంటే దీపం లాంటి కాంతి మూలం; వ్యతికరణం అంటే రెండు కాంతి తరంగాలు కలిసి వెలుగు, చీకటి పట్టీలు ఏర్పరచడం.) ఇంటర్ ఫిజిక్స్ చెప్పేవాళ్ల మధ్య ఈ పేచీ మళ్లీ రాజుకుంది. ఒకే జనకం కాంతిని రెండు సన్నని చీలికల గుండా పంపి పట్టీలు రప్పించిన యంగ్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. దీన్ని తేల్చే ఏడాది 1963.

ఆ ఏడాది లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మాగ్యార్, మాండెల్ రెండు రూబీ లేజర్లు తీసుకున్నారు. ఒకదానికీ మరోదానికీ ఏ లంకె లేదు. రెండు కాంతి పుంజాలనూ ఒకే చోట కలిపి, రెండూ వెలుగుతున్న లిప్తపాటులో ఎలక్ట్రానిక్ షట్టర్ తెరిచి ఫొటో తీశారు. పట్టీలు పడ్డాయి. మరోసారి తీస్తే మళ్లీ పడ్డాయి, కాకపోతే కాస్త జరిగి. ప్రతిసారీ దశాభేదం (రెండు తరంగాల ఎగుడుదిగుళ్ల మధ్య తేడా) కొత్తగా మొదలవుతుంది కదా! ఫొటో తీసినంతసేపు మాత్రం అది పెద్దగా మారలేదు. అసలు షరతు అదే: చూసినంతసేపు దశాభేదం నిలకడగా ఉండాలి. కాంతి ఎన్ని దీపాల నుంచి వచ్చిందన్నది ఆ తర్వాతి మాట.

1960లో లేజర్ వచ్చేదాకా ‘రెండు దీపాలతో పట్టీలు రావు’ అన్న పాత సూత్రంతో చిక్కేమీ రాలేదు. సోడియం దీపంలో దశ సెకనులో వెయ్యి కోట్లవ వంతు కాలంలోనే మారిపోతుంది. రెండు దీపాలు పెడితే పట్టీలూ అంతే వేగంగా చోటు మారతాయి, కంటికి అందేది సగటు వెలుగే. దూరం లెక్క కూడా ఉంది: జనకాల మధ్య ఎడం పెరిగితే పట్టీలు సన్నబడతాయి. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. చీలికల మధ్య 1 మిల్లీమీటరు ఎడం, తెర 1 మీటరు దూరంలో ఉంటే పట్టీ వెడల్పు 0.589 మిల్లీమీటర్లు. అదే బల్ల మీద 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు దీపాలు పెడితే 0.006 మిల్లీమీటర్లు కూడా రాదు. దశ కదలకపోయినా అది కంటికి ఆనదు.

రెండు తరంగాల కంపన పరిమితులు (ఎత్తులు) సమానంగా లేకపోతే పట్టీలు వెలవెలబోతాయి తప్ప మాయం కావు. ఒకదానికొకటి లంబ దిశల్లో ధ్రువితమైన (ఒకే దిశలో ఊగే) పుంజాలు పట్టీలు ఇవ్వవని ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫ్రెనెల్, అరాగో 1819 నాటికే చెప్పారు. దాన్ని మన బిట్ పేపర్లు పెద్దగా పట్టించుకోవు.

‘ఒకే జనకం నుంచి విడదీసిన కాంతే కావాలి’ అనేవాళ్లకు పెద్ద అండ క్వాంటం భౌతికవేత్త డిరాక్. ఫోటాన్ (కాంతి కణం) తనతో తానే వ్యతికరిస్తుందని, రెండు ఫోటాన్ల మధ్య అది ఎన్నడూ జరగదని 1930లో రాశాడాయన. మాండెల్ అక్కడికీ వెళ్లాడు. 1967లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఫ్లీగర్‌తో కలిసి, చాలావరకు ఒక ఫోటాన్ చేరాకే రెండోది బయల్దేరేంతగా రెండు లేజర్ల కాంతినీ తగ్గించాడు. అయినా వ్యతికరణం జాడ దొరికింది. డిరాక్ వాక్యంలో మొదటి సగాన్ని ఈ ప్రయోగంతోనే సమర్థించేవాళ్లూ ఉన్నారు. అది ఇంటర్ స్థాయి తగువు కాదు.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం జాగ్రత్తగానే రాసింది: రెండు సోడియం దీపాలతో పట్టీలు రావని. గైడ్లలోకి వచ్చేసరికి అది ‘ఏ రెండు స్వతంత్ర జనకాలైనా’ అయిపోయింది. బిట్‌లో సోడియం దీపాలని ఉంటే ‘ఒప్పు’ అన్న పాత కీ నిలుస్తుంది. ఉత్త ‘స్వతంత్ర జనకాలు’ అని వదిలేస్తే, తప్పు అని పెట్టిన పిల్లలకూ మార్కు ఇవ్వాల్సిందే.