కైజర్ దిగిపోయాక వందేళ్లు నడిచిన తగాదా

2025 మే నెలలో జర్మనీలో ఓ పాత తగాదా రాజీకి వచ్చింది. ఒకవైపు కేంద్ర ప్రభుత్వం, బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రాలు. మరోవైపు ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన హోహెన్‌జోలెర్న్ వంశం. సుమారు 27 వేల వస్తువులు ఎవరివన్నదే గొడవ. పదహారో శతాబ్దపు చిత్రకారుడు లూకస్ క్రానాక్ గీసిన బ్రాండెన్‌బర్గ్ పాలకుడి బొమ్మ మొదలుకొని కుర్చీలు, పింగాణీ కంచాల దాకా అందులో ఉన్నాయి. చాలావరకు ఒక ఫౌండేషన్ చేతికి వెళ్లి, మ్యూజియాల్లోనే ఉండేలా ఒప్పందం కుదిరింది.

ఆ వంశంలో చివరి చక్రవర్తి (జర్మన్‌లో కైజర్) రెండో విల్‌హెల్మ్ సింహాసనం దిగింది 1918లో. కుర్చీల లెక్క తేలడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? ఆయన్ను దించారు గానీ ఆయన మీద విచారణ జరగలేదు. ఆస్తి సంగతీ సగంలోనే ఆపేశారు. ఆ రెండు పనులూ అప్పుడే పూర్తయి ఉంటే తర్వాతి జర్మనీ రాజకీయాల్లో ఆ కుటుంబానికి అంత చోటు దక్కేది కాదని నా నమ్మకం.

విల్‌హెల్మ్ 1859 జనవరి 27న బెర్లిన్‌లో పుట్టాడు. తల్లి ఇంగ్లండ్ రాకుమారి. అప్పట్లో మన దేశాన్ని కూడా ఏలుతున్న విక్టోరియా మహారాణికి ఇతనే మొదటి మనవడు. కాన్పు కష్టమై ఎడమ చెయ్యి నరాలు దెబ్బతిన్నాయి, జీవితాంతం ఆ చెయ్యి ఎదగలేదు. ఆయన దుందుడుకుతనానికంతా ఆ చెయ్యే కారణమని రాసేవాళ్లున్నారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. అసలు చూడాల్సింది ఆయన చేతికి వచ్చిన అధికారాన్ని.

1888లో తాత మార్చిలో పోయాడు. గొంతు క్యాన్సర్‌తో ఉన్న తండ్రి 99 రోజులు ఏలి జూన్‌లో పోయాడు. 29 ఏళ్లకే విల్‌హెల్మ్ చక్రవర్తి అయ్యాడు. 1871లో బిస్మార్క్ రాసిపెట్టిన రాజ్యాంగం ప్రకారం ప్రధానమంత్రి లాంటి ఛాన్సలర్‌ను పెట్టేదీ, తీసేదీ చక్రవర్తే. 25 ఏళ్లు నిండిన మగవాళ్లంతా ఓటేసి ఎన్నుకునే పార్లమెంటు బడ్జెట్‌ను అడ్డుకోగలదు గానీ ఛాన్సలర్‌ను దించలేదు. సైన్యం మాట వినేది కూడా చక్రవర్తిదే. ముసలి రాజుగారి దగ్గర తన మాటే చెల్లుతుందన్న ధీమాతో, మొదటి ఛాన్సలర్ అయిన బిస్మార్క్ ఈ ఏర్పాటు చేసుకున్నాడు. కొత్త రాజు 1890 మార్చిలో ఆయన్నే ఇంటికి పంపించేశాడు. ఆ తర్వాత అడ్డు చెప్పే వాడు లేడు.

అదే ఏడాది రష్యాతో ఉన్న రహస్య ఒప్పందాన్ని కొనసాగించకుండా వదిలేశారు. నాలుగేళ్లు తిరక్కుండానే రష్యా, ఫ్రాన్స్ చేతులు కలిపాయి. 1898లో, 1900లో అడ్మిరల్ టిర్పిట్జ్ చేత నౌకాదళ చట్టాలు చేయించి బ్రిటన్‌తో యుద్ధనౌకల పోటీకి దిగారు. చైనాకు బయలుదేరిన సైనికులకు 1900లో ‘కనికరం వద్దు, బందీలు వద్దు’ అని బహిరంగంగా చెప్పి పంపిన చక్రవర్తి ఈయన. 1904లో అప్పటి జర్మన్ వలస, ఇప్పటి నమీబియాలో హెరెరో జాతి తిరగబడినప్పుడు జనరల్ ఫాన్ ట్రోతాను పంపిందీ ఈయనే. అక్కడ హెరెరో, నామా జనం వేలకు వేలు ఎడారిలోనూ, శిబిరాల్లోనూ చచ్చిపోయారు. అది జాతి హననమే అని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో.

ఈ పోకడను ఆపే అవకాశం ఒకసారి వచ్చింది. 1908 అక్టోబరులో లండన్ పత్రిక డైలీ టెలిగ్రాఫ్‌లో కైజర్ మాటలు అచ్చయ్యాయి. మా ప్రజల్లో ఎక్కువమందికి మీరంటే గిట్టదు, నేను మాత్రం మీకు స్నేహితుణ్ణి, దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో మీకు ఉపాయం కూడా చెప్పాను అన్నది ఆ మాటల సారాంశం. జర్మనీ మండిపడింది. పార్లమెంటులో అన్ని పార్టీలూ నిలదీశాయి. ఇకమీద జాగ్రత్తగా ఉంటానని కైజర్ మాట ఇచ్చాడు. పార్టీలు దాంతో సరిపెట్టుకున్నాయి. అధికారాన్ని పార్లమెంటుకు బదలాయించే చట్టం ఒక్కటీ రాలేదు. 1914లో మొదలైన మొదటి ప్రపంచయుద్ధానికి తలుపు తెరిచి ఉంచింది ఆ రోజుల్లోనే అనిపిస్తుంది.

1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజును సరయెవోలో కాల్చి చంపారు. ఆస్ట్రియా సెర్బియాను తప్పుపట్టింది. మీరు సెర్బియా మీద ఏం చేసినా మా అండ ఉంటుందని జులై 5న కైజర్ ఆస్ట్రియాకు మాట ఇచ్చి, మర్నాడు నార్వే తీరానికి ఓడలో షికారు వెళ్లాడు. తిరిగొచ్చి జులై 28న, ఆస్ట్రియా హెచ్చరికకు సెర్బియా ఇచ్చిన జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని రాశాడు. ఆ రోజే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 1న బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చన్న కబురు విని, సైన్యం మొత్తాన్నీ రష్యా వైపు తిప్పమని సైన్యాధిపతి మోల్ట్‌కేకి చెప్పాడు. రైళ్ల ప్రణాళిక అంతా సిద్ధమైపోయింది, ఇప్పుడు మార్చడం కుదరదన్నాడు మోల్ట్‌కే. కొద్ది గంటల్లోనే ఆ కబురు తప్పని తేలింది, సైన్యం పడమటికే, అంటే ఫ్రాన్స్ వైపే కదిలింది. కాగితం మీద సర్వాధికారాలూ ఉన్న మనిషి చేతిలో ఆ సాయంత్రానికి ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఎవరికీ జవాబు చెప్పని సైనిక యంత్రాంగం తన దారిన తాను నడిచింది.

ఆ యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు ఓడరేవు దగ్గర చమురు ట్యాంకుల మీద గుళ్ల వర్షం కురిపించి బంగాళాఖాతంలోకి జారుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని మద్రాసే. భయంతో ఎంతోమంది ఊరు విడిచి పారిపోయారు.

1916 ఆగస్టు నుంచి హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్ అనే ఇద్దరు సైన్యాధికారులే దేశాన్ని నడిపారు. వాళ్ల ఒత్తిడితో 1917 ఫిబ్రవరిలో సబ్‌మెరైన్లు ఏ ఓడ కనబడితే ఆ ఓడను ముంచడం మొదలెట్టాయి. ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. 1918 సెప్టెంబరు చివర్లో లూడెన్‌డార్ఫే వచ్చి, వెంటనే యుద్ధ విరమణ అడగాలన్నాడు. అప్పటిదాకా గెలుస్తున్నామనే నమ్మిన జనం కంగు తిన్నారు.

అక్టోబరు 29న కైజర్ బెర్లిన్ వదిలి బెల్జియంలోని స్పా పట్టణంలో ఉన్న సైనిక కేంద్రానికి వెళ్లిపోయాడు. ఓడిపోయాక కూడా చివరి దాడికి పంపబోతున్నారని తెలిసి నావికులు తిరగబడ్డారు. నవంబరు మొదటి వారంలో కీల్ రేవులో రేగిన తిరుగుబాటు దేశమంతా పాకింది. నవంబరు 9న జనరల్ గ్రోనర్ కైజర్ ముఖం మీదే చెప్పాడు: సైన్యం తన అధికారుల వెంట ఇంటికి నడుస్తుంది, మీ వెంట మాత్రం రాదని. జర్మనీ చక్రవర్తిగా తప్పుకుని, అందులోని పెద్ద రాజ్యం ప్రష్యాకు మాత్రం రాజుగా ఉండిపోతే ఎలా ఉంటుందని ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే, బెర్లిన్‌లో ఛాన్సలర్ మాక్స్, కైజర్ తప్పుకున్నాడని ప్రకటన విడుదల చేసేశాడు. మధ్యాహ్నం పార్లమెంటు భవనం కిటికీ దగ్గర నిలబడి సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ గణతంత్రాన్ని ప్రకటించాడు. మర్నాడు తెల్లవారుజామున కైజర్ ఐస్డెన్ దగ్గర సరిహద్దు దాటాడు. అనుమతి కోసం అక్కడి స్టేషన్లో గంటల తరబడి కాచుకున్నాడు. నెదర్లాండ్స్ తటస్థ దేశం, ఆశ్రయం ఇచ్చింది. అమెరోంగెన్‌లో ఒక దొర కోటలో దిగి, నవంబరు 28న రాజీనామా పత్రం మీద సంతకం చేశాడు.

ఓడిన జర్మనీతో కుదిరిన వెర్సయిల్స్ సంధిలో 227వ అధికరణ ప్రకారం కైజర్‌ను అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబెట్టాలి. 1920 జనవరిలో అప్పగించమని అడిగితే డచ్ ప్రభుత్వం ససేమిరా అంది. అంతకు ఏడాది ముందే అమెరికా మాజీ సెనేటర్ లూక్ లీ కొందరు సైనికులను వెంటబెట్టుకుని ఆయన్ను ఎత్తుకుపోదామని కోట దాకా వచ్చి, ఒట్టి చేతులతో తిరిగి వెళ్లాడు. చెప్పుకోవాల్సిన మాట ఇంకొకటుంది. ఆ 227వ అధికరణలో నమీబియా ఊసే లేదు. అంతర్జాతీయ నీతినీ, ఒప్పందాల పవిత్రతనూ మీరినందుకే నేరం మోపారు.

1920లో ఆయన నెదర్లాండ్స్‌లోనే డోర్న్ అనే ఊళ్లో తాను కొన్న భవనంలోకి మారాడు. బెర్లిన్ నుంచి 59 రైలు వ్యాగన్లలో సామాను వచ్చింది. ఓడిన దేశంలో జనం ఆకలితో ఉన్న రోజులవి. రోజూ కట్టెలు కొట్టుకుంటూ, తవ్వకాల శాస్త్రం చదువుకుంటూ గడిపిన పెద్దాయనగా కొందరు ఆయన్ను చూపిస్తారు. 1921లో భార్య చనిపోతే సమాధి చేయడానికి పోట్స్‌డామ్ తీసుకెళ్లారు, ఆయన వెంట వెళ్లలేకపోయాడు. ఆ దుఃఖం నిజమే. కానీ అదే చేత్తో ఓటమికి కారణం యూదులేనని, వాళ్లను నేల మీద లేకుండా చేయాలని ఉత్తరాలు రాశాడు. వాటిని పక్కన పెట్టి ఆయన్ను చూడలేం.

1926లో రాచకుటుంబాల ఆస్తులు పరిహారం లేకుండా తీసుకోవాలా అని జర్మనీలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కోటీ 45 లక్షల మంది ఔనన్నారు. కావలసింది మొత్తం ఓటర్లలో సగం, అంటే సుమారు రెండు కోట్లు. తీర్మానం వీగిపోయింది. తర్వాత ప్రష్యా ప్రభుత్వంతో జరిగిన పంపకంలో భవనాలు, భూములు, డబ్బు కుటుంబానికి మళ్లీ దక్కాయి. హోదా పోయినా పలుకుబడి ఉన్న ధనికులుగా మిగిలారు.

ఆ పలుకుబడి ఎటు పోయిందో చూడండి. నాలుగో కొడుకు ఆగస్ట్ విల్‌హెల్మ్ 1930లోనే నాజీ పార్టీలో చేరాడు. నాజీ నాయకుడు గోరింగ్ 1931లో, 1932లో డోర్న్ వచ్చి అతిథిగా ఉన్నాడు. పెద్ద కొడుకు, మాజీ యువరాజు విల్‌హెల్మ్ 1932 అధ్యక్ష ఎన్నికల్లో తన ఓటు హిట్లర్‌కేనని బహిరంగంగా చెప్పాడు. 1933 మార్చి 21న పోట్స్‌డామ్ చర్చిలో హిట్లర్ పాల్గొన్న ఉత్సవంలోనూ కూర్చున్నాడు. సింహాసనం తిరిగి వస్తుందన్న ఆశ అది. హిట్లర్‌కు ఆ ఉద్దేశం లేదు. 1934లో రాచరికం కోరే సంఘాలన్నింటినీ నిషేధించాడు. అయినా 1940లో ఫ్రాన్స్ పడిపోయినప్పుడు కైజర్ హిట్లర్‌కు అభినందనల టెలిగ్రామ్ కొట్టాడు. 1941 జూన్ 4న 82 ఏళ్ల వయసులో డోర్న్‌లోనే చనిపోయాడు. నాజీ స్వస్తికలు వద్దని చెప్పి పోయినా అంత్యక్రియల్లో అవి కనబడ్డాయి. రాచరికం తిరిగొచ్చేదాకా తన శవాన్ని జర్మనీకి తేవద్దన్నాడు, అందుకే ఇంకా అక్కడే ఉంది.

1945 తర్వాత సోవియట్ సైన్యం కింద ఉన్న తూర్పు జర్మనీలో కుటుంబం ఆస్తులు పోయాయి. రెండు జర్మనీలూ కలిశాక, అలా పోగొట్టుకున్నవాళ్లకు పరిహారం ఇచ్చేందుకు 1994లో చట్టం వచ్చింది. నాజీ పాలనకు గణనీయంగా తోడ్పడినవాళ్లకు మాత్రం దక్కదని అందులో షరతు ఉంది. మాజీ యువరాజు తోడ్పడ్డాడా లేదా అన్నదే చివరికి కేసు అయింది. చరిత్రకారులు ఇచ్చిన నాలుగు నివేదికల్లో రెండు అవునన్నాయి. ఒకటి ఆయన ప్రభావం అంతంత మాత్రమే అంది, ఇంకొకటి ఆయన హిట్లర్‌ను ఆపాలని చూశాడంది. 2019లో కుటుంబం ప్రభుత్వంతో రహస్యంగా మాట్లాడుతోందని పత్రికలు బయటపెట్టడంతో దేశమంతా చర్చ రేగింది. పోట్స్‌డామ్‌లోని సెసీలియన్‌హోఫ్ భవనంలో నివాస హక్కు కూడా అడిగారని అప్పుడే తెలిసింది. 2023 మార్చిలో వంశపెద్ద గియోర్గ్ ఫ్రీడ్రిష్ తన దావాలు వెనక్కి తీసుకున్నాడు, 12 లక్షల యూరోల పరిహారం కోరిన కేసు కూడా అందులోదే. 2025 రాజీకి దారి తెరిచింది ఆ నిర్ణయమే. యువరాజు తోడ్పాటు మీద మాత్రం ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు.