సముద్రపు జన్యువుల తగాదా: అసలు మలుపు 2004లోనే

అంతర్జాతీయ జలాల జీవవైవిధ్య ఒడంబడిక 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. దానితో పాటే ఇరవై ఏళ్లకు పైగా నానుతున్న తగాదా మళ్లీ పైకి లేచింది. ఏ దేశానికీ చెందని సముద్రంలో దొరికిన జీవుల వల్ల లాభం పుడితే అందులో ఎవరి వాటా ఎంత? ఇకమీదట సేకరించేవాటికి నిబంధనలు వచ్చాయి. ఇప్పటికే డేటాబేస్‌లలో పోగుపడిన కోట్లాది జన్యుక్రమాల (డీఎన్‌ఏలోని అక్షరాల వరుసల) సంగతే తేలాల్సి ఉంది.

సముద్ర శాస్త్ర చరిత్రను పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ పరిశోధన నౌక ఛాలెంజర్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ తగాదా అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 2003లో కెనడాలోని హాలిఫాక్స్ నుంచి బయలుదేరిన ‘సోర్సరర్ 2’ అనే తెరచాప నౌక దగ్గర మొదలుపెడితే చాలు.

అది క్రెయిగ్ వెంటర్ సొంత నౌక. మానవ జన్యుక్రమాన్ని చదివే పోటీలో ప్రభుత్వ ప్రాజెక్టుతోనే తలపడిన అమెరికన్ శాస్త్రవేత్త ఆయన. అంతకుముందు బెర్ముడా దగ్గరి సర్గాసో సముద్రంలో ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది. పోషకాలు లేని ఎడారిగా పేరుపడిన ఆ నీటిలో 12 లక్షల కొత్త జన్యువులు బయటపడ్డాయని 2004లో ప్రకటించింది. అదే పద్ధతిలో భూగోళాన్ని చుట్టాలన్నది యాత్ర సంకల్పం. దాదాపు ప్రతి 200 నాటికల్ మైళ్లకు ఒకసారి ఆగి, వందల లీటర్ల నీటిని తోడి, సన్నని వడపోత పొరల గుండా పంపేవారు. సూక్ష్మజీవులు చిక్కుకున్న ఆ పొరలను గడ్డకట్టించి, మేరీల్యాండ్‌లోని ప్రయోగశాలకు చేరవేసేవారు. అక్కడ ఏ జీవిని విడిగా పెంచకుండానే మొత్తం డీఎన్‌ఏను ముక్కలు చేసి, చదివి, కంప్యూటర్లో అతికేవారు.

ఈ తగాదా మొత్తానికి మూలం ఆ పనిలోనే ఉందని నా అభిప్రాయం. అప్పటిదాకా సేకరణ అంటే సీసాలోని చేప, కాగితం మీద ఆరబెట్టిన నాచు. ఎవరు తీసుకున్నారో, ఎక్కడ తీసుకున్నారో చీటీ ఉండేది, అడిగి తిరిగి తెప్పించుకోవడానికి వస్తువు ఉండేది. 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం తీరదేశపు జలాల్లో పరిశోధనకు ఆ దేశం అనుమతి కావాలి. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం జన్యు వనరుల మీద ఆయా దేశాల సార్వభౌమాధికారాన్ని గుర్తించింది. రెండూ సరిహద్దు దాటే వస్తువును మనసులో పెట్టుకుని రాసినవే. జన్యుక్రమం కంప్యూటర్లోకి ఎక్కాక ఆ వస్తువుతో పనిలేదు. కావలసిన జన్యువును ఎక్కడివాళ్లైనా ప్రయోగశాలలో తిరిగి తయారు చేసుకోవచ్చు.

2004 తొలి నెలల్లో నౌక ఈక్వడార్‌కు చెందిన గాలాపగోస్ చేరింది. స్థానిక సంస్థలతో ఒప్పందం చేసుకున్నామని, అనుమతులు ఉన్నాయని బృందం చెప్పింది. ఈక్వడార్ పౌర సంఘాలు ఒప్పుకోలేదు. జన్యు వనరులను తీసుకెళ్లడానికి ఆండియన్ దేశాలు (దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వత ప్రాంతపు దేశాలు) 1996లోనే ఉమ్మడి నిబంధనలు పెట్టుకున్నాయని, పరిశోధన అనుమతి వేరు, జన్యువులను వాడుకునే హక్కు వేరని వాదించాయి. దీనివల్ల ఈక్వడార్‌కు వచ్చేదేమిటని నిలదీశాయి. ఫ్రెంచ్ పాలినీషియా జలాల్లోనూ అనుమతి దగ్గర పేచీ వచ్చి నౌక ఆగింది. 2006 మార్చిలో బ్రెజిల్‌లోని కురిటీబాలో జీవవైవిధ్య సదస్సు జరుగుతున్నప్పుడు ఉద్యమ సంఘాలు వెంటర్‌కు పిల్లల కథలోని సముద్రపు దొంగ ‘కెప్టెన్ హుక్’ పేరిట జీవ దోపిడీ అవార్డు ప్రకటించాయి.

వెంటర్ సమాధానం సూటిగానే ఉంది. మేం పేటెంట్లు తీసుకోవడం లేదు, సమాచారమంతా ప్రపంచానికి ఉచితంగా ఇస్తున్నాం అన్నారు. ఇచ్చారు కూడా. 2007లో విడుదలైన ఆ సమాచారంలో 60 లక్షలకు పైగా ప్రొటీన్ల వివరాలు ఉన్నాయి. అప్పటికి తెలిసిన ప్రొటీన్ల సంఖ్య దాదాపు రెట్టింపైంది.

అయితే తలుపు అందరికీ తెరిచినంత మాత్రాన లోపలున్నది అందరికీ సమానంగా దక్కదు. ఆ సమాచారాన్ని మందుగానో ఎంజైమ్‌గానో మార్చాలంటే ప్రయోగశాలలు, పెట్టుబడి, పేటెంటు న్యాయవాదులు కావాలి. ఈక్వడార్ సంఘాలు 2004లో చెప్పింది ఇదే. 2018లో వెలువడిన ఒక అధ్యయనం పేటెంట్లలో ప్రస్తావించిన సముద్ర జీవుల జన్యుక్రమాలను లెక్కించింది. 862 జాతులకు చెందిన 12,998 క్రమాలు తేలాయి. అందులో 47 శాతం బీఏఎస్‌ఎఫ్ అనే ఒక్క జర్మన్ కంపెనీ పేరిటే ఉన్నాయి. పది దేశాల వాటా 98 శాతం.

2009లో ఫ్రాన్స్‌లోని లోరియాన్ నుంచి బయలుదేరిన ‘తారా’ యాత్ర శాస్త్రపరంగా ఇంకా గొప్పది. 36 మీటర్ల ఆ నౌక 2013 దాకా 210 చోట్ల సుమారు 35,000 నమూనాలు సేకరించింది. ప్లవకాల (నీటిలో తేలియాడే చిన్న జీవుల) లోకం గురించి ఈ రోజు మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆ శ్రమ ఫలితమే. 2015లో 4 కోట్ల జన్యువుల పట్టికను బయటపెట్టింది. అదీ ఉచితమే. లాభాల పంపకం ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ప్రశ్నే న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి నడిపిన ఈ ఒడంబడిక చర్చలను ఏళ్ల తరబడి లాగింది. అంతర్జాతీయ జలాల్లోనివి మానవాళి ఉమ్మడి వారసత్వమని వర్ధమాన దేశాలు, సముద్రంలో స్వేచ్ఛ పాత హక్కని సంపన్న దేశాలు పట్టుబట్టాయి. 2023 మార్చిలో రాజీ కుదిరింది. కంప్యూటర్లోని జన్యుక్రమాలనూ ఒడంబడికలో చేర్చారు. సేకరణకు ఆరు నెలల ముందే, వీలుకాకపోతే వీలైనంత ముందుగా, సమాచారం ఇవ్వాలన్నారు. గాలిని బట్టి దారి మార్చుకునే చిన్న నౌకలకు ఈ షరతు ఇబ్బందేనన్న శాస్త్రవేత్తల మాటలో కొంత నిజం ఉంది. ఆ ఇబ్బందిని సర్దుబాటు చేసుకోవచ్చు, పంపకాన్ని ఎగ్గొట్టడానికి సాకు చేసుకోకూడదు.

గొడవంతా పదో అధికరణం మీద. ఒడంబడిక అమల్లోకి రాకముందు సేకరించిన వనరులను ఇప్పుడు వాడుకున్నా నిబంధనలు వర్తిస్తాయని అది చెబుతుంది. అయితే అదే అధికరణం, సంతకం చేసేటప్పుడో ఆమోదించేటప్పుడో రాతపూర్వకంగా మినహాయింపు కోరే వీలునూ ఇస్తుంది. పైగా గాలాపగోస్ నీరు ఈక్వడార్ పరిధిలోది కాబట్టి ఈ ఒడంబడిక దాని జోలికి పోదు. డేటాబేస్‌లో మాత్రం ఆ క్రమాలు, నడి సముద్రపు క్రమాలు పక్కపక్కనే ఉన్నాయి. భారత్ 2024 సెప్టెంబరులో సంతకం చేసింది. అమెరికా 2023లోనే సంతకం చేసినా ఆమోదించలేదు. లాభాల పంపకానికి లెక్క తేల్చాల్సిన సభ్యదేశాల తొలి సమావేశం, ఒడంబడిక అమల్లోకి వచ్చిన ఏడాదిలోగా జరగాలి.